వాయిస్‌మెయిల్ పలకరింపులు రాయడం కెరీర్ అవుతుందా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. రాయడం ఇష్టం. మా బంధువు ఒకాయన ప్లంబింగ్ కాంట్రాక్టర్. ఫోన్ ఎత్తలేనప్పుడు వినిపించడానికి ఆయనకు ఇలా రాసిచ్చాను: "నమస్కారం. మీ కాల్ మాకు ఎంతో విలువైనది. ప్రస్తుతం మేము అందుబాటులో లేము. దయచేసి బీప్ తర్వాత మీ సందేశం వదలండి. వీలైనంత త్వరగా మిమ్మల్ని సంప్రదిస్తాం." ఆయనకు నచ్చింది. ఎలక్ట్రీషియన్లకు, ఏసీ మెకానిక్‌లకు, పెయింటింగ్ కాంట్రాక్టర్లకు కూడా ఇలా రాసిస్తూ స్థిరపడొచ్చా? ఇంట్లో మాత్రం ఇదేం పని అంటున్నారు.

జవాబు: ఇది పనే. కాకపోతే ఇదొక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదు. ఒక కాంట్రాక్టర్‌కి మూడు నాలుగు పలకరింపులు రాసిచ్చాక మళ్లీ నెలల తరబడి ఆయనకు మీతో అవసరం రాదు. దీంతో మొదలుపెట్టి ఎటు వెళ్లొచ్చో తర్వాత చెప్తాను. ముందు మీరు రాసింది చూద్దాం.

ఆ నంబరుకు ఫోన్ చేసేది ఎవరు? పైపు పగిలి నీళ్లు ఇల్లంతా పారుతుంటే టెన్షన్‌లో ఉన్న మనిషి. సరైన చోటికే చేశానా, తిరిగి ఎప్పుడు చేస్తారు, అప్పటిదాకా నేనేం చేయాలి? ఆ క్షణాన వాళ్లకు కావాల్సినవి ఇవే. మీ ఐదు వాక్యాల్లో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. కంపెనీ పేరు కూడా లేదు. "వీలైనంత త్వరగా" అంటే పది నిమిషాలా, రేపు సాయంత్రమా? తెలియనప్పుడు చాలామంది మెసేజ్ చెప్పకుండానే పెట్టేసి, ఇంకో ప్లంబర్‌కి చేస్తారు.

అందుకే రాసే ముందు కాంట్రాక్టర్‌ని కూర్చోబెట్టి అడగాలి. ఫోన్ ఎందుకు ఎత్తలేరు, నిచ్చెన మీద ఉంటారా, డ్రిల్లింగ్ చప్పుడులో వినపడదా? మెసేజ్‌లు ఏ వేళకు వింటారు? రాత్రిపూట వెళ్తారా, వెళ్తే ఎలాంటి పనికి? తిరిగి ఫోన్ చేసినప్పుడు కస్టమర్‌ని మొదట ఏం అడుగుతారు? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. ఏసీ మెకానిక్ అయితే అసలు ఆన్ కావట్లేదా, ఆన్ అయినా చల్లబడట్లేదా అని అడుగుతారు. పెయింటింగ్ ఆయన ఎన్ని గదులు, లోపలా బయటా అంటారు. ఆ ప్రశ్నే పలకరింపులో పెడితే, ఆయన తిరిగి ఫోన్ చేసేసరికి సగం విషయం ముందే తెలిసి ఉంటుంది. అలాగని పది అడక్కండి. నాలుగు దాటితే కంగారులో ఉన్న మనిషికి గుర్తుండవు.

మీ పలకరింపును నేనైతే ఇలా మారుస్తాను. మొదట కంపెనీ పేరు, ఆ వెంటనే: "నమస్కారం. ఇప్పుడు ఒకరింట్లో పని మీద ఉన్నాను. మెసేజ్‌లు మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరింటికి వింటాను. విన్న వెంటనే ఫోన్ చేస్తాను. మీ పేరు, నంబరు, ఉండే ప్రాంతం, సమస్య ఏంటో చెప్పండి. నీళ్లు ఆగకుండా కారుతుంటే ముందు మెయిన్ వాల్వ్ కట్టేసి, ఇదే నంబరుకు ఎస్సెమ్మెస్ పెట్టండి." ఆ వేళలు ఆయన నిజంగా పాటించేవే అయి ఉండాలి. "గంటలో చేస్తాం అని రాయి, బాగుంటుంది" అంటే ఒప్పుకోకండి. పనిలో ఉన్నా ఎస్సెమ్మెస్ చూస్తానంటేనే చివరి వాక్యం ఉంచండి.

రాశాక నిదానంగా పైకి చదివి సమయం చూడండి. 20, 25 సెకన్లలో అయిపోవాలి. తర్వాత ఆయన చేత చదివించండి. "సంప్రదిస్తాం" అనే మాట దగ్గర ఆయన నోరు తడబడితే ఆ మాట తీసేయండి. ఫ్యాన్ ఆపిన నిశ్శబ్దమైన గదిలో రికార్డ్ చేయిస్తే చాలు, స్టూడియో అక్కర్లేదు.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. గ్యాస్ పనులు చేసేవాళ్లకు రాస్తున్నప్పుడు భద్రత మాట పేరు తర్వాత వెంటనే రావాలి. గ్యాస్ వాసన వస్తుంటే స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికి వచ్చి, అక్కడి నుంచి అత్యవసర నంబరుకు ఫోన్ చేయమని చెప్పాలి. అలాంటి మనిషి ఇంట్లో నిలబడి మీరు రాసిన మిగతా వాక్యాలు వినకూడదు. ఈ మాటలు మీ ఊహతో రాయకండి, ఆ పని తెలిసినవాళ్లకు చూపించి ఖాయం చేసుకోండి.

ఇక కెరీర్ సంగతి. మీరు మొదట రాసిన లాంటి పలకరింపు ఏఐ టూల్ క్షణాల్లో రాసిస్తుంది. ఒంటిగంటకు, ఆరింటికి మెసేజ్‌లు వింటారన్న సంగతి మాత్రం ఎవరో ఒకరు ఆయన్ని అడిగి చెప్పేదాకా దానికి తెలియదు. అడిగి రాబట్టడం, దాన్ని తక్కువ మాటల్లో పెట్టడం మీకు వస్తే పని చాలానే ఉంది. పనివేళల తర్వాత వినిపించేవి, సెలవు రోజులవి, మిస్డ్ కాల్‌కి ఆటోమేటిక్‌గా వెళ్లే ఎస్సెమ్మెస్, అపాయింట్‌మెంట్ రిమైండర్లు, ఒకటి నొక్కండి రెండు నొక్కండి అనే ఐవీఆర్ మెనూలు అన్నీ ఇదే కోవలోవి. ఇవన్నీ కలిపి ఒక ప్యాకేజీగా ధర చెప్పండి. పదాల లెక్కన తీసుకుంటే నలభై పదాలకు ఏమీ రాదు. ఉద్యోగమే కావాలంటే యాప్‌లు, వెబ్‌సైట్‌లలో కనిపించే మాటలు రాసే యూఎక్స్ రైటింగ్ వైపు, లేదా చాట్‌బాట్‌లు, వాయిస్ అసిస్టెంట్‌లు పలికే మాటలు రాసే కాన్వర్సేషన్ డిజైన్ వైపు వెళ్లొచ్చు. ఇంట్లోవాళ్లకు ఈ పేర్లు చెప్పండి, వాళ్ల భయం కొంత తగ్గుతుంది.

ఆ ఉద్యోగాలకు వెళ్లినప్పుడు డిగ్రీతో పాటు మీరు చేసిన పనీ చూస్తారు. కాబట్టి చదువు అయిపోయేలోపు మరో రెండు రకాల కాంట్రాక్టర్లకు రాసివ్వండి. పలకరింపు మార్చక ముందు ఒక వారం, మార్చాక ఒక వారం, ఎత్తలేకపోయిన కాల్స్ ఎన్ని, వాటిలో మెసేజ్ చెప్పినవాళ్లు ఎందరు అని లెక్క రాసి పెట్టమనండి. పాత పలకరింపు, కొత్తది, ఆ లెక్క పక్కపక్కనే పెడితే అదే మీ పోర్ట్‌ఫోలియో. కాంట్రాక్టర్ అనుమతి తీసుకోండి, కస్టమర్ల పేర్లు, నంబర్లు ఎక్కడా కనిపించనివ్వకండి.