మా రెండో అమ్మాయికీ ఎం.ఎస్. వస్తుందా?

ప్రశ్న: మా పెద్దమ్మాయికి 26 ఏళ్ళు. కిందటేడు ఒక కంటిచూపు మసకబారింది. కొన్ని నెలల తరువాత కాళ్ళు తిమ్మిరెక్కి నడక తడబడింది. ఎం.ఆర్.ఐ., వెన్నునీటి పరీక్షలు చేసి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అని చెప్పారు. మాది మేనరికం. అందుకే బిడ్డకు ఈ జబ్బు వచ్చిందని బంధువులు అంటున్నారు. రెండో అమ్మాయికి 17 ఏళ్ళు. బరువు కొంచెం ఎక్కువే, పై చదువులకు కెనడా వెళ్ళాలనుకుంటోంది. తనకూ ఈ జబ్బు వస్తుందా? ముందే తెలుసుకునే పరీక్ష ఉందా? విటమిన్ డి మాత్రలు వాడితే రాకుండా ఉంటుందా? మావారికి సిగరెట్ అలవాటు ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందుగా మేనరికం సంగతి చెబుతాను, మీ మనసును ఎక్కువగా నలిపేస్తున్నది ఆ మాటేనని ఉత్తరం చదివితే అర్థమవుతోంది. మేనరికాల విషయంలో వైద్యులు హెచ్చరించేది, లోపమున్న ఒకే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ జతగా బిడ్డకు చేరినప్పుడు కలిగే జబ్బుల గురించి. ఎం.ఎస్. ఆ కోవకు చెందినది కాదు. ఇందులో శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నాడీ తంతువుల మీద ఉండే మైలిన్ తొడుగును దెబ్బతీస్తుంది. దీనితో సంబంధమున్న జన్యు తేడాలను ఇప్పటికి 200కు పైగా గుర్తించారు, వాటిలో చాలావరకు ఒక్కొక్కటీ ముప్పును రవ్వంత మాత్రమే పెంచుతాయి. అన్నిటికంటే బలమైన జన్యు రకం ఉన్నవారికి కూడా ముప్పు సుమారు మూడు రెట్లు పెరుగుతుందే గాని, వారిలో అత్యధికులకు జీవితాంతం ఈ జబ్బు రాదు. కాబట్టి మీ పెళ్ళి వల్ల బిడ్డకు జబ్బు వచ్చిందన్న మాటకు ఆధారం లేదు. రెండో అమ్మాయికి జన్యు పరీక్ష చేయించినా అది వస్తుందనీ, రాదనీ తేల్చదు, ఆ ఖర్చు అనవసరం.

రక్తసంబంధానికి ఇందులో పాత్ర లేదని మాత్రం అనను. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఎం.ఎస్. ఉంటే, రెండోవారికి వచ్చే అవకాశం సుమారు నాలుగింట ఒక వంతు. జన్యువులన్నీ ఒకటే అయినా ఎక్కువమందికి రావడం లేదంటే, పుట్టిన తరువాత జరిగేదానికి ఎంత బలముందో ఊహించండి. మామూలు తోబుట్టువులలో ఈ అవకాశం పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం 2 నుంచి 3 శాతం. ఆ దేశాల్లో జబ్బు అసలే ఎక్కువ: స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో లక్షకు 400 మంది దాకా ఉంటే, మన మంగళూరు నగరంలో చేసిన సర్వేలో లక్షకు ఎనిమిది మంది చొప్పున కనిపించారు. మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువన్నది నిజమే, అయినా మీ చిన్నమ్మాయికి రాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ.

పుట్టిన తరువాత తోడయ్యే కారణాల్లో ఇప్పుడు వైద్యుల దృష్టి ఎక్కువగా ఎప్‌స్టీన్–బార్ అనే వైరస్ మీద ఉంది. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో, కోటి మందికి పైగా అమెరికా సైనికుల నుంచి హెచ్.ఐ.వి. పరీక్షల కోసం ఏళ్ళ తరబడి సేకరించి దాచిన రక్త నమూనాలను ఆధారం చేసుకున్నారు. నమూనాలు దొరికిన 801 మంది ఎం.ఎస్. రోగుల్లో ఒక్కరు తప్ప అందరికీ జబ్బు మొదలవడానికి ముందే ఆ వైరస్ సోకి ఉంది. సోకిన తరువాత ముప్పు 32 రెట్లు పెరిగింది, అదే తరహాలో లాలాజలం ద్వారా వ్యాపించే మరొక వైరస్‌తో అలా జరగలేదు. అయితే ఈ వైరస్ పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా సోకేదే, మన పిల్లలకు పసితనంలోనే మామూలు జలుబు జ్వరంలా వచ్చిపోతుంది. టీనేజీలో సోకి, మెడ గ్రంథులు వాచి వారాల తరబడి నీరసించినవారిలో ముప్పు సుమారు రెట్టింపు. దీనికి ఇంకా టీకా లేదు. వైరస్ అన్నాను కదా అని పెద్దమ్మాయి కంచాన్నీ గ్లాసునూ వేరు చేయకండి, ఎం.ఎస్. అంటువ్యాధి కాదు.

విటమిన్ డి విషయంలో ఆశ ఎంత సహజమో, తొందరపాటు అంత ప్రమాదం. రక్తంలో అది తక్కువగా ఉన్నవారిలో ఎం.ఎస్. ఎక్కువగా వస్తుందని, భూమధ్యరేఖకు దూరంగా, ఎండ తక్కువగా ఉండే దేశాల్లో జబ్బు పెరుగుతుందని తెలుసు. కాని మన దేశంలో డి లోపం ఇంత విస్తారంగా ఉన్నా ఎం.ఎస్. తక్కువే, అంటే ఆ లోపం ఒక్కటే కారణం కాదు. మాత్రలు మింగితే ఈ జబ్బు రాదని ఎవరూ నిరూపించలేదు. రక్తపరీక్షలో లోపం ఉంటే డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడండి, అంతే గాని 60,000 యూనిట్ల మాత్రలను ఏళ్ళ తరబడి సొంతంగా వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కెనడాలో ఎం.ఎస్. ఎక్కువే. ఇండియా, పాకిస్తాన్‌ల నుంచి బ్రిటన్ వెళ్ళినవారికంటే అక్కడే పుట్టిన వారి పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది కూడా. ఇక్కడ పుట్టి పెరిగిన 17 ఏళ్ళ అమ్మాయి చదువును మాన్పించడానికి అది కారణం కాదని నా అభిప్రాయం. బరువు మాత్రం పట్టించుకోదగినదే, ఎందుకంటే 18 ఏళ్ళ ప్రాయానికి స్థూలకాయం ఉన్న ఆడవారిలో ముప్పు సుమారు రెట్టింపు అని తేలింది. కొంచెం బొద్దుగా ఉండటం స్థూలకాయం కాదు, కాబట్టి ఎత్తూ బరువూ కొలిపించి చూడండి. పిల్లను పస్తులు పెట్టకండి. కంటి వెనుక నొప్పితో చూపు మందగించినా, తిమ్మిరి రోజు దాటి ఉన్నా న్యూరాలజిస్టుకు చూపించండి, లక్షణాలేవీ లేకుండా ఎం.ఆర్.ఐ. తీయించకండి.

ఇక సిగరెట్. పొగ తాగేవారిలో ఎం.ఎస్. ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు, పక్కనుండి ఆ పొగ పీల్చేవారిలో కూడా కొంత పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. జబ్బు వచ్చినవారు పొగ తాగితే వైకల్యం త్వరగా ముదురుతుంది. మీ వారిని పెద్దమ్మాయిని చూసే డాక్టరు దగ్గరకు ఒకసారి తోడు తీసుకెళ్ళండి, మానడానికి నికోటిన్ చూయింగ్ గమ్, మాత్రలు ఉన్నాయి. ఆయన ఆ అలవాటు వదిలేదాకా కనీసం ఇంట్లో మాత్రం కాల్చనివ్వకండి.