మందుకు లొంగని ఈస్ట్ మీద చదువుతానంటోంది.. పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. మా మామగారు ఐసీయూలో నెలరోజులు ఉన్నప్పుడు రక్తంలోకి క్యాండిడా ఆరిస్ అనే ఈస్ట్ (ఒకరకం ఫంగస్) చేరిందనీ, మామూలు మందుకు లొంగడం లేదనీ డాక్టర్లు చెప్పారు. అప్పట్నుంచి దాని మీదే పైచదువు చదువుతానని పట్టుబట్టింది. ఉద్యోగాలుంటాయా? తనకు అంటుకుంటుందేమోనని నాకు టెన్షన్.
– ఒక తల్లి

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దామమ్మా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దీనివల్ల జబ్బు చేయడం చాలా అరుదు. వెంటిలేటర్, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం), యూరిన్ పైపులతో రోజుల తరబడి మంచాన ఉన్నవాళ్ల మీదే దీని ప్రతాపం. గ్లవ్స్, సేఫ్టీ క్యాబినెట్, చేతులు కడుక్కోవడం.. ఈ మూడింటి దగ్గర మీ అమ్మాయి బద్ధకించకూడదు, అంతే.

‘క్యాండిడా ఆరిస్ నిపుణులు కావలెను’ అని ప్రకటన ఎవరూ ఇవ్వరు. ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్, ఇన్ఫెక్షన్ కంట్రోల్ విభాగం, రీసెర్చ్ ప్రాజెక్టులు.. పోస్టులు ఉండేది వీటిలో. ఈ ఈస్ట్ అక్కడ ఎదురయ్యే పనుల్లో ఒకటి. కాకపోతే మంచి గట్టి పని. 2009లో జపాన్‌లో ఒక వృద్ధురాలి చెవిలో దొరికినదానికి ఈ పేరు పెట్టారు. లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర ఫంగస్‌ల జాబితా వేసి, దీన్ని అన్నిటికన్నా పై వర్గంలో పెట్టింది. ఎక్కువ శాంపిళ్లలో ఫంగస్‌కి మామూలుగా వాడే ఫ్లూకొనజోల్ మందు పనిచేయదు. మంచం కమ్మీల మీద, బీపీ పట్టీల మీద వారాలపాటు బతికే ఉంటుంది.

నా దగ్గర సలహా తీసుకుని ఇప్పుడు ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్న ఒకమ్మాయి ఓసారి నాకో కల్చర్ ప్లేటు (సూక్ష్మజీవుల్ని పెంచే పళ్లెం) చూపించింది. లేత గులాబీ చుక్కలు, అంతే. “చూసి చెప్పేయలేం సార్, ఇలాగే కనిపించేవి ఇంకా ఉన్నాయి” అంది. నిజమే, కొన్ని ఆటోమేటిక్ యంత్రాలు కూడా దీన్ని క్యాండిడా హేమ్యులోనై అనే దగ్గరి చుట్టం ఈస్ట్ అని పొరబడ్డాయి. ప్రొటీన్లను బట్టి సూక్ష్మజీవిని గుర్తుపట్టే మాల్డీ-టాఫ్ యంత్రం, జన్యు పరీక్షలు ఉన్నచోట సరైన పేరు తేలుతుంది. పేరు తప్పితే మందూ తప్పుతుంది. ఇలా పేరు తేల్చే ఓపిక మీ అమ్మాయికి ఉందా అన్నదే నా అనుమానం. తాతగారి మీద ప్రేమ ఒక్కటే రోజూ వంద ప్లేట్లు చదివించలేదు కదా.

దారి విషయానికొస్తే, తెలంగాణ యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీకి సీపీగెట్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ-పీజీ రాయాలి. కొన్ని మెడికల్ కాలేజీల్లో మూడేళ్ల మెడికల్ ఎమ్మెస్సీ కూడా ఉంది. ఆసుపత్రి పనే కావాలంటే నా ఓటు దానికే. ఒక్కటి దాచను: పెద్ద ఆసుపత్రుల్లో రిపోర్టు మీద చివరి సంతకం సాధారణంగా ఎండీ చేసిన డాక్టర్లదే. ప్రైవేటు ల్యాబుల్లో మొదటి జీతాలూ చిన్నవే. పరిశోధన మీదే మనసుంటే ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్-నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీకి వెళ్లాలి. చండీగఢ్ పీజీఐ, ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్ ఈ ఫంగస్ పనికి పేరున్నవి. అండమాన్ తీరంలో ఈ ఈస్ట్‌ని గుర్తించింది ఢిల్లీ బృందమే.

ఫీజు కట్టకముందే హెచ్‌ఓడీతో లెటర్ రాయించుకుని, ఏదైనా పెద్ద ఆసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో ఒక నెల ట్రైనింగ్ అడగమనండి. బ్లడ్ కల్చర్ బాటిల్ వచ్చిన దగ్గర్నుంచి రిపోర్టు వెళ్లేదాకా ఒక్కో శాంపిల్ వెంట ఉండి చూడమనండి. సొంతంగా ఐసీయూలో స్వాబ్‌లు తీసి ప్రాజెక్టు చేస్తానంటే మాత్రం వద్దనండి. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి.