పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఇంట్లోనే ఉన్నాను, తండ్రి ప్రేమ మాత్రం తెలియలేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. దేవుని ప్రేమ గురించి వినడం వేరు, అది మన దాకా రావడం వేరు అని. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను, ఎందుకంటే ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని, ఎవరికీ చెప్పుకోలేక ప్రతి ఆదివారం ఆరాధనకు వచ్చి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. పేర్లు వేయవద్దని అందరూ కోరారు కాబట్టి వేయడం లేదు.

ప్రశ్న: వందనాలు. నేను విశ్వాసుల ఇంట్లో పుట్టాను. 18 ఏళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు చెబుతున్నాను, ఉపవాస ప్రార్థనలు మానను. కానీ ఎవరైనా సాక్ష్యం చెబుతూ దేవుని ప్రేమ తలచుకుని ఏడుస్తుంటే నాకు లోపల ఏమీ అనిపించదు. పైగా నిన్నమొన్న సంఘంలో చేరినవాళ్లు ఆ అనుభవాలు చెబుతుంటే కొంచెం కోపం కూడా వస్తుంది. దేవుడు నన్ను పక్కన పెట్టాడా? నాకే తెలియని ప్రేమను పిల్లలకు ఎలా చెప్పను?

జవాబు: అమ్మా, ఆ కోపం సంగతి దాచుకోకుండా రాశారు చూడండి, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైన మాట అదే.

లూకా సువార్త 15వ అధ్యాయం మీరు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, తప్పిపోయిన కుమారుడు. ఆస్తిలో తన వాటా తీసుకుని దూరం వెళ్లి పాడుచేసుకున్న చిన్నకొడుకు ఇల్లు చేరి విందు మొదలవగానే మనం పాఠం ముగించేస్తాం. యేసు మాత్రం అక్కడ ఆపలేదు. ఆ ఉపమానం ఎవరికి చెప్పాడో అధ్యాయం మొదట్లోనే ఉంది, పాపులను చేర్చుకుని వాళ్లతో కలిసి భోజనం చేస్తున్నాడని సణుగుతున్న పరిసయ్యులకు, శాస్త్రులకు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాళ్లకు, దాన్ని బోధించేవాళ్లకు. కాబట్టి కథ బరువంతా చివర్లో, పొలం నుంచి వచ్చి గుమ్మం బయటే నిలబడిపోయిన పెద్దకొడుకు మీద పడుతుంది. వాడు ఏమంటాడు? ఇన్నేళ్ల నుంచి నిన్ను సేవిస్తున్నాను, నీ ఆజ్ఞ ఎన్నడూ మీరలేదు, అయినా నాకు ఒక్క మేకపిల్లనైనా ఇవ్వలేదు అంటాడు. అక్కడ గ్రీకులో సేవించడానికి వాడిన మాట, దాసుడు యజమానికి చేసే చాకిరీకి వాడే మాట. ఇంట్లోనే ఉన్నాడు, ఎక్కడికీ పోలేదు, ఏ తప్పూ చేయలేదు, అయినా తనను తాను కొడుకు అనుకోవడం లేదు, జీతం బాకీ పడ్డ పనివాడు అనుకుంటున్నాడు. అలాంటివాడికి తమ్ముడి విందు కడుపుమంటగా కాక ఇంకెలా ఉంటుంది?

ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. తండ్రి ఏం చేశాడో చూడమని చెబుతున్నాను. చిన్నవాడి కోసం పరుగెత్తిన ఆ తండ్రే పెద్దవాడి కోసం విందు మధ్యలో లేచి బయటికి వచ్చాడు, బతిమాలుకున్నాడు. "కుమారుడా, నీ వెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి" అన్నాడు. ఆ 'కుమారుడా' అన్నచోట ఉన్న గ్రీకు మాటకు 'బిడ్డా' అని అర్థం. అంత కోపంగా మాట్లాడినవాణ్ణి పట్టుకుని బిడ్డా అన్నాడు. దేవుడు మిమ్మల్ని పక్కన పెట్టాడేమోనని అడిగారు కదా, నాకైతే ఆయన మీ దగ్గర గుమ్మం బయట నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంది.

ఇక ఏమీ అనిపించకపోవడం గురించి. కన్నీళ్లు కొందరికి సులువుగా వస్తాయి, కొందరికి రావు, అది చాలావరకు స్వభావం. మనం సాక్ష్యాల్లో కన్నీళ్లకు ఇచ్చే విలువ చూసి, రానివాళ్లు తమలో ఏదో లోపం ఉందనుకుంటున్నారు, ఇది సంఘాలుగా మనం చేస్తున్న పొరపాటు అని నా అభిప్రాయం. రోమాలోని విశ్వాసులకు రాసిన ఉత్తరం, అంటే రోమా పత్రిక 5వ అధ్యాయంలో అపొస్తలుడు పౌలు, దేవుని ప్రేమ పరిశుద్ధాత్మ ద్వారా మన హృదయాల్లో కుమ్మరించబడింది అన్నాడు, నిజమే. కానీ ఆ వెంటనే దానికి రుజువుగా తన మనసులో కలిగిన అనుభూతిని చూపించలేదు. "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను" అని సిలువను చూపించాడు. అది మీకు ఏడుపు వచ్చిన రోజూ జరిగిందే, రాని రోజూ జరిగిందే.

ఎఫెసీ పత్రిక 3వ అధ్యాయం కూడా ఒకసారి తీయండి. క్రీస్తు ప్రేమ వెడల్పు, పొడుగు, లోతు, ఎత్తు ఎంతో గ్రహించే శక్తి కలగాలని పౌలు ఖైదీగా ఉండి ప్రార్థించాడు. ఎవరి కోసం? అప్పటికే నమ్మినవాళ్ల కోసం. అంటే నమ్మిన తరవాత కూడా ఈ ప్రేమ ఇంకా తెలియాల్సి ఉంటుంది, దానికి బలం అడుక్కోవాల్సి ఉంటుంది. పైగా 'సమస్త పరిశుద్ధులతో కూడ' అని ఒక మాట కలిపాడు. ఒక్కరే కూర్చుని సాధించేది కాదని నేను దీన్ని చదువుకుంటాను. మీరు ఈ మాట నాకు రాశారు కానీ మీ సంఘంలో ఒక్కరికైనా చెప్పారా?

మదర్ థెరిసా 1997లో కన్నుమూసిన పదేళ్లకు, 2007లో ఆమె సొంత ఉత్తరాలు అచ్చయ్యాయి. దశాబ్దాల పాటు తనకు లోపల చీకటిగా, దేవుడు దూరంగా ఉన్నట్టుగా అనిపించిందని ఆమె తన ఆత్మీయ గురువులకు రాసుకుంది. ఆ ఏళ్లలోనే ఆమె చేతుల మీదుగా ఎంతమందికి ఆదరణ అందిందో లోకమంతా చూసింది. ఆ చీకటి మంచిదని, మనకూ కావాలని నేను అనను. బైబిల్లో కూడా 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటతో ముగిసిపోతుంది, దాని తరవాత ఓదార్పు వచనం ఒక్కటి కూడా లేదు. అయినా అది ప్రార్థనే, దేవునితో మాట్లాడుతున్నదే. నాకూ ఒకప్పుడు ఇంచుమించు ఏడాది పాటు ప్రార్థన గోడకు చెప్పుకున్నట్టు ఉండేది. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఈ కీర్తన.

మీరు ఏం చేయాలంటే, ఒక నెల సండే స్కూలుకు సెలవు పెట్టండి. 18 ఏళ్ల తరవాత ఒక నెల అడగడం తప్పేమీ కాదు. ఆ నెల ఏ బాధ్యతా పెట్టుకోకుండా వెనక బెంచీలో కూర్చుని వినండి, రోజూ ఆ పెద్దకొడుకు భాగం చదివి, మీ కోపం ఉన్నది ఉన్నట్టు దేవునికి పైకి చెప్పండి. ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు కూడా ఆయనకు మీరు బిడ్డేనని మీకు తెలియాలి, అందుకే ఈ సెలవు. తిరిగి వెళ్లాక పిల్లలకు కథ చివరి భాగం కూడా చెప్పండి. ఆ పెద్దకొడుకు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పకుండానే ఆపేశాడు కదా, అది పిల్లల్ని అడగండి, వాళ్లేమంటారో నాకూ రాయండి.

ప్రశ్న: మా నాన్న తాగి వచ్చి అమ్మను, నన్ను కొట్టేవాడు. ఇప్పుడాయన లేరు. 'పరలోకమందున్న మా తండ్రీ' అని అందరూ మొదలుపెట్టగానే నాకు నోరు పెగలదు. ఇది పాపమా?

జవాబు: పాపం కాదు తమ్ముడూ, అది గాయం. దేవుడు దాని మీద కోపగించుకోడు.

ఆయనను పిలవడానికి బైబిలు ఒక్క పేరే ఇవ్వలేదు. కాపరి అని ఉంది, ఆశ్రయదుర్గం అని ఉంది. యెషయా 49లో ఆయన తనను తల్లితో పోల్చుకున్నాడు, చంటిబిడ్డను తల్లి మరచిపోయినా నేను నిన్ను మరువను, నా అరచేతుల మీదే నిన్ను చెక్కుకున్నాను అన్నాడు. యేసు యెరూషలేమును చూసి, కోడి తన పిల్లలను రెక్కల కింద చేర్చుకున్నట్టు మిమ్మల్ని చేర్చుకోవాలనుకున్నాను అన్నాడు. ఇప్పటికి వాటిలో నీకు నోరు వచ్చే పేరుతో పిలువు. 'తండ్రీ' అనే మాట కోసం తొందరపడకు.

ఆ మాట దగ్గరికి వచ్చిన రోజున మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో. "నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు" అని యేసు తన శిష్యుడు ఫిలిప్పుతో అన్నాడు. మీ నాన్నను పెద్దగా చేసి చూస్తే దేవుడు కనిపించడు. కుష్ఠరోగిని ముట్టుకున్న యేసును, లాజరు సమాధి దగ్గర ఏడ్చిన యేసును చూడు, తండ్రి అలా ఉంటాడు. చిన్నప్పటి దెబ్బల జ్ఞాపకాలు నిద్ర పట్టనివ్వకపోతే మంచి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు, అది విశ్వాసం లేకపోవడం కిందికి రాదు.

ప్రశ్న: మా సంఘంలోని ఒక సహోదరుడు వ్యాపారంలో నన్ను మోసం చేశాడు, పెద్ద మొత్తం పోయింది. క్షమించానని అందరి ముందు చెప్పాను, కానీ అతను ఎదురైతే చాలు టెన్షన్‌తో ఒళ్లు బిగుసుకుపోతుంది. ఇప్పుడు మళ్లీ భాగస్వామిగా చేరమని అడుగుతున్నాడు. ప్రేమ 'అన్నిటిని నమ్మును' అని వాక్యం ఉంది కదా అంటున్నాడు.

జవాబు: చేరకండి. ఆ వాక్యం 1 కొరింథీ 13వ అధ్యాయం 7వ వచనంలో ఉంది, దానికి ముందు వచనం కూడా అతనికి చదివి వినిపించండి. ప్రేమ దుర్నీతి విషయంలో సంతోషపడదు, సత్యంలో సంతోషిస్తుంది. మోసం చేసినవాడికి మళ్లీ మోసం చేసే అవకాశం చేతిలో పెట్టడం అతన్ని ప్రేమించడం కాదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని తనంతట తానే యేసుతో అన్నాడు. ఈ సహోదరుడు మీ సొమ్ము మాట ఎత్తాడా? మీ ఉత్తరంలో ఆ సంగతి ఎక్కడా లేదు.

ఒళ్లు బిగుసుకుపోవడం సంగతి వేరు, దానికి నా దగ్గర ఒక మనిషి అనుభవమే ఉంది. కోరీ టెన్ బూమ్ అని నెదర్లాండ్స్ దేశస్థురాలు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో యూదులను ఇంట్లో దాచినందుకు 1944లో ఆమె కుటుంబాన్ని నాజీలు పట్టుకున్నారు. అక్క బెట్సీ ఆ డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలోనే చనిపోయింది. 1947లో జర్మనీలోని మ్యూనిక్‌లో కోరీ ఒక చర్చిలో క్షమాపణ గురించి మాట్లాడి ముగించగానే, ఆ శిబిరంలో కాపలా ఉన్న మనిషి వచ్చి చెయ్యి చాపాడు. అప్పటిదాకా అదే విషయం బోధించిన ఆమెకు చెయ్యి పైకి లేవలేదు. నా దగ్గర క్షమాపణ లేదు, నీది నాకు ఇవ్వు అని లోపల యేసుకు చెప్పుకుని, ఏ భావమూ లేకుండానే చెయ్యి చాపాననీ, చాపిన తరవాతే ఆ ప్రేమ వచ్చిందనీ ఆమె తరవాత చెప్పుకుంది.

కాబట్టి అందరి ముందు 'క్షమించాను' అన్నప్పుడు మీరు అబద్ధం ఆడారని అనుకోకండి. మొదలుపెట్టారు, అంతే. అది రేపు మళ్లీ, ఎల్లుండి మళ్లీ చేయాల్సి రావచ్చు. శిష్యుడు పేతురు ఏడుసార్లా అని అడిగితే యేసు డెబ్బది ఏళ్లమారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు అన్నాడు, అందులో ఒకే తప్పును మళ్లీ మళ్లీ క్షమించాల్సిన రోజులు కూడా ఉంటాయని నాకు అనిపిస్తుంది. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అందరితో సమాధానంగా, అంటే శాంతిగా ఉండమన్నాడు పౌలు. మీ చేతనైనది కీడు కోరకపోవడం, అతని కోసం ప్రార్థించడం, కనిపిస్తే పలకరించడం. లెక్కలు తేలేదాకా వ్యాపారం దాంట్లోకి రాదు.

ప్రశ్న: ఆఫీసులో నా చుట్టూ ఉన్నవాళ్లు వేరే విశ్వాసాలవాళ్లు. దేవుని ప్రేమను పంచాలని ఉంది, కానీ నోరు తెరిస్తే మతం మార్చడానికి వచ్చాడనుకుంటారేమోనని భయం.

జవాబు: ఆ భయం కొంత మంచిదే, ఎదుటివాళ్ల మనసు గురించి ఆలోచిస్తున్నారని అర్థం. యేసు పదిమంది కుష్ఠరోగులను బాగుచేస్తే ఒక్కడే తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పాడు. తక్కిన తొమ్మండుగురు ఎక్కడ అని ఆయన అడిగాడు కానీ, వాళ్లకు ఇచ్చిన స్వస్థత వెనక్కి తీసుకోలేదు. మీ సహాయం కూడా అలా ఉండాలి. పక్క సీటు అతని తండ్రి ఆస్పత్రిలో ఉంటే రాత్రి తోడు వెళ్లండి, అతను మీ సంఘానికి ఎప్పటికీ రాకపోయినా మరో రాత్రి కూడా వెళ్లేలా వెళ్లండి. వస్తాడని లెక్క వేసుకుని చేస్తే అది వల వేయడం, అవతలివాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

అలాగని ఎప్పటికీ నోరు విప్పవద్దని కాదు. ఎందుకు ఇలా చేస్తున్నావని అడిగినప్పుడు, మీలో ఉన్న నిరీక్షణ గురించి సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు పేతురు. అడిగినప్పుడు మీ కథ మీ మాటల్లో రెండు నిమిషాలు చెప్పండి. వాళ్లు నమ్మేదాన్ని తక్కువ చేసి ఒక్క మాట కూడా అనకండి.

ప్రశ్న: మంచం పట్టిన మా అత్తగారిని మూడేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. రాత్రి ప్రార్థనకు మోకరిస్తే అలాగే నిద్రపోతున్నాను. విసుగుతో ఆమెను కసురుకుంటున్నాను కూడా. నాలో ప్రేమ అయిపోయిందేమో.

జవాబు: అమ్మా, అయిపోయింది మీ ఒంట్లో ఓపిక. ఏలీయా ప్రవక్త చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత వచ్చి ఉపదేశం చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, తిని మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. మోకాళ్ల మీద నిద్ర వస్తే మంచం మీద పడుకుని 'ప్రభువా' అని ఒక్క మాట అని నిద్రపోండి. కసురుకున్న రోజు అత్తగారికి సారీ చెప్పండి, ఆమెకు మాట అందకపోయినా చెయ్యి పట్టుకుని చెప్పండి. ఇకపోతే ఈ ఉత్తరం మీ పాస్టర్ గారికి, మీవారికి చూపించండి. వారానికి రెండు పూటలు ఆమె దగ్గర కూర్చోవడానికి సంఘంలో ఇద్దరు దొరకాలి, మీవారు కూడా ఒక రాత్రి మేలుకోవాలి. అడగడానికి మొహమాటపడతారని తెలుసు, అందుకే మీ తరఫున నేను ఇక్కడ అడుగుతున్నాను.