ఆ ఆకుపచ్చ కాగితం పారేయకండి

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. చిన్నప్పుడు బొగ్గుముక్కతో పెరటి గోడంతా బొమ్మలు వేసేదాన్ని. హైస్కూల్లో ప్రతి పోటీకీ నన్నే పంపేవారు. డ్రాయింగ్ లోయర్ పరీక్ష కూడా పాసయ్యాను. పెళ్లయ్యాక అన్నీ అటకెక్కాయి. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లాక మళ్లీ మొదలెడదామని మంచి రంగులు, దళసరి కాగితాలు కొన్నాను. మూడు నెలలైంది, ఒక్క బొమ్మా పూర్తి కాలేదు. గీత గీయగానే వంకరగా కనిపిస్తుంది, చెరిపేస్తాను. మావారేమో నేనేది గీసినా ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తారు. పోయిన ఆదివారం పక్కింటి ఐదేళ్ల పాప వచ్చి, నేను చూసేలోగా నా కాగితం మీద ఆకుపచ్చ రంగు పులిమేసింది. గట్టిగా అరిచాను. ఏడుస్తూ వెళ్లిపోయింది. తర్వాత నేనూ ఏడ్చాను. ఎందుకో తెలియడం లేదు.
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: మీరు చివర్లో రాసిన ఆ నాలుగు ముక్కలే అసలు ఉత్తరం. ఒక్క కాగితం పాడైతే విసుక్కుంటాం, కూర్చుని ఏడవం. మూడు నెలలుగా మీకు చేతకాని పనిని ఆ పిల్ల అర నిమిషంలో చేసి చూపించింది. ఎవర్నీ అడగలేదు, కొలతలు వేసుకోలేదు, రంగు అయిపోతుందేమోనని జంకలేదు. మీకొచ్చింది కోపమని మీరనుకున్నారు గానీ, అందులో సగం అసూయేనని నాకనిపిస్తోంది. సిగ్గుపడాల్సిందేం లేదు, నాకూ కలుగుతుంటుంది. మొన్న మా మనవడు పాత క్యాలెండర్ కాగితం వెనక బస్సు గీశాడు, చక్రాలు పైకి పెట్టి. ఇదేంట్రా అంటే "బస్సు బజ్జుంది అమ్మమ్మా" అన్నాడు. నేను గీస్తే చక్రాలు కిందే ఉంటాయి, గుండ్రంగానూ వస్తాయి. ఆ బస్సు మాత్రం నాకు రాదు.

ముందు ఒక మాట. ఒక్క బొమ్మల మీదేనా, లేక నిద్ర, తిండి, నలుగురితో మాట్లాడటం మీద కూడా ఆసక్తి పోయిందా? అలా ఉండి రెండు వారాలు దాటితే డాక్టర్‌ని కలవండి. పిల్లలు ఇల్లు వదిలి వెళ్లిన కొత్తలో, అందులోనూ మీ వయసులో, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అదేం లేకపోతే మిగతాది చదవండి.

తొమ్మిదీ పదేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలకి బొమ్మ "అచ్చం అలాగే" రావాలన్న పట్టింపు మొదలవుతుంది. రాకపోతే ఎంతోమంది అక్కడితో మానేస్తారు. మీకు చెయ్యి తిరిగింది కాబట్టి మానలేదు. కానీ పెరటి గోడ మీద వేసినప్పుడు మార్కులేసేవాళ్లు లేరు, బళ్లో వేసిన ప్రతి బొమ్మకీ ఉన్నారు. అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో చేసిన ఒక ప్రయోగం 1973లో అచ్చయింది. బొమ్మలంటే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బనూ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. ఇంకొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలాగి రంగు పెన్నులు ఎదురుగా పెట్టి చాటుగా గమనిస్తే, బహుమతి మాట ముందే విన్నవాళ్లు మిగతావాళ్లు గీసినంతలో సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లలకి మాత్రం ఏమీ కాలేదు, గమనించారా!

మీవారి ఫోటోల గొడవ కూడా ఇదే. ఆయన మురిపెంగానే పెడతారు. "సూపర్ వదినా" అని పదిమంది బొటనవేళ్లు చూపిస్తారు. మీకేమో మళ్లీ హైస్కూలు పోటీ. అందుకని సూటిగా చెప్పండి: "ఏమండీ, సంక్రాంతి దాకా నా బొమ్మలు మీరు చూడొద్దు, ఫోటో తీయొద్దు. తర్వాత నేనే చూపిస్తాను." రెండు రోజులు మూతి ముడుచుకుంటారేమో, ముడుచుకోనివ్వండి.

ఆ దళసరి కాగితాలు అటక మీద పెట్టేయండి. వాటి ఖరీదే సగం భయం. పాత పేపర్లు, క్యాలెండర్ వెనకలు తీసుకోండి. కుక్కర్ మూడు కూతలు కూసేలోగా ఎంత అయితే అంత. రబ్బరు వాడకండి, పెన్సిల్ కూడా వద్దు, పెన్నుతోనే వేయండి. రవీంద్రనాథ్ ఠాగూర్ బొమ్మల్లో పూర్తిగా మునిగింది అరవై దాటాకే. రాతప్రతుల్లో కొట్టేసిన మాటల్ని ఒకదానికొకటి కలుపుతూ పోయి వాటిలోంచి పక్షుల్ని, పేరులేని జంతువుల్ని తీసేవారు. 1930లో పారిస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన జరిగింది. మీరు చెరిపేస్తున్న వంకర గీతలు ఆయన చేతిలో పడి ఉంటే ఏ జంతువులయ్యేవో.

మీ చెయ్యి మరిచిపోని విద్య ఇంకోటుంది, ముగ్గు. నెలగంట పెట్టాక వాకిట్లో ఎంత పెద్ద ముగ్గేసినా మధ్యాహ్నానికి పాల బండి తొక్కుతుంది, కుక్క దాని మీదే పడుకుంటుంది. మర్నాడు కల్లాపి చల్లి మళ్లీ వేస్తాం. పోయిందని ఎవరైనా ఏడవగా చూశారా? ఈసారి చుక్కలు పెట్టకుండా వేయండి. చుక్కలు పెట్టారా, మళ్లీ లెక్కల్లో పడతారు. ముగ్గుల పోటీల వైపు మాత్రం ఈ ఏడాది వెళ్లకండి, దణ్ణం పెడతాను.

ఇక ఆ పాప. మీరే వాళ్లింటికి వెళ్లండి, రెండు జంతికలు పట్టుకుని. "అరిచాను, తప్పు నాదే" అనండి. ఐదేళ్ల పిల్లకి అలా చెప్పడం మనకి అలవాటు లేదు, అయినా చెప్పండి. ఆ పాడైన కాగితం కూడా తీసుకెళ్లండి. డొనాల్డ్ వినికాట్ అని ఇంగ్లండ్‌లో పిల్లల డాక్టరు, మనోవిశ్లేషకుడు ఉండేవాడు. తన దగ్గరికొచ్చిన పిల్లలతో ఒక ఆట ఆడేవాడు. ఆయన ఒక పిచ్చిగీత గీస్తే పిల్ల దాన్ని ఏదో ఒక బొమ్మ చెయ్యాలి, తర్వాత పిల్ల గీతతో ఆయన వంతు. మీకు గీత కూడా వెతుక్కోనక్కర్లేదు, పాప తన వంతు ఎప్పుడో ఆడేసింది. ఆ ఆకుపచ్చది ఏమిటో అడగండి. చెట్టంటుందో, చిలకంటుందో, ఏమీ కాదంటుందో. అక్కడినుంచి మీరు అందుకోండి.