కాలువలో కరెంటు పడవలు: 48 లక్షల్లో ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: నా వయసు 56. ఉండేది విజయవాడ. ప్రైవేటు కంపెనీలో వీఆర్ఎస్ తీసుకున్నాను. పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపి పోయిన నెల 48 లక్షలు చేతికొచ్చాయి. ఇంటి లోను ఇంకో 7 లక్షలుంది, ఈఎంఐ 11 వేలు. దాంతో కలిపి నెల ఖర్చు 38 వేలు. పై పోర్షన్ మీద 9 వేలు అద్దె వస్తుంది. మా అబ్బాయి ఉద్యోగం ఆమ్‌స్టర్‌డామ్‌లో. అక్కడికి వెళ్లినప్పుడు కాలువల్లో కరెంటు పడవ అద్దెకు తీసుకుని నేనే నడిపాను. మన ఊళ్లోనూ మూడు కాలువలున్నాయి కదా అనిపించింది. ఆరుగురు కూర్చునే పడవ 6.5 లక్షలని కొటేషన్ వచ్చింది, నాలుగు కొందామనుకుంటున్నాను. మనిషికి 150 రూపాయల టికెట్టు పెట్టినా ఏడాదికి 78 లక్షలకు పైనే వస్తోంది. పర్మిషన్లు మా తోడల్లుడు చూసుకుంటానంటున్నాడు, అందుకు మూడో వంతు వాటా అడుగుతున్నాడు. ఇందులో దిగమంటారా?

జవాబు: నాలుగు పడవలు కొనొద్దండి. కనీసం ఈ ఏడాది వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ముందు మీ 78 లక్షల లెక్క విప్పాలి. ఆ ముచ్చట తర్వాత. దానికన్నా అర్జెంటు పని ఒకటుంది.

సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ 60 దాటినవాళ్లకే అని చాలామంది అనుకుంటారు. 55 నిండి, రిటైరైనవాళ్లు, వీఆర్ఎస్ తీసుకున్నవాళ్లు కూడా చేరొచ్చు. కాకపోతే రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపే చేరాలి. మీకు ఇప్పటికే ఒక నెల అయిపోయింది. గడువు దాటిందంటే మళ్లీ 60 వచ్చేదాకా ఆగాల్సిందే. గరిష్ఠంగా 30 లక్షలు పెట్టొచ్చు. వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తున్నారు. ప్రభుత్వం ప్రతి మూడు నెలలకూ రేటు చూస్తుంది కానీ, మీరు చేరిన రోజు ఉన్న రేటే ఐదేళ్లూ మీకు నడుస్తుంది. 30 లక్షల మీద మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. అంటే నెలకు 20,500.

ఇక 7 లక్షలు పెట్టి ఇంటి లోను తీర్చేయండి. ఈఎంఐ పోతే మీ ఖర్చు 27 వేలకు దిగుతుంది. వడ్డీ, అద్దె కలిపితే 29,500. పడవ అన్న మాట లేకుండానే ఇల్లు గడిచిపోతుంది. 5 లక్షలు ఎమర్జెన్సీకని ఎఫ్‌డీలో వేసి మర్చిపోండి. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోయి ఉంటుంది కాబట్టి, మీ ఇద్దరికీ సొంత పాలసీ వెంటనే తీసుకోండి. చివరికి 6 లక్షలు మిగులుతాయి. మీ కల ఎంత పెద్దదైనా దాని బడ్జెట్టు ఇందులోంచే రావాలి. పాలసీ ప్రీమియం, ఇంట్లో చిన్నాచితకా ఖర్చులు పోగా నాలుగు లక్షలనుకోండి.

ఇప్పుడు పడవల దగ్గరికొద్దాం. మీ లెక్క ఇలా వేసి ఉంటారు: రోజుకు ఆరు ట్రిప్పులు, ట్రిప్పుకు ఆరుగురు, మనిషికి 150. పడవకు 5,400, నాలుగింటికి 21,600. దాన్ని 365తో హెచ్చవేస్తే 78 లక్షల 84 వేలు. హెచ్చవేతలో తప్పు లేదు. తప్పంతా ఆ 365లో ఉంది.

ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో నీటిమట్టం ఏడాది పొడవునా దాదాపు ఒకేలా నిలబెడతారు. 17వ శతాబ్దంలో తవ్విన ఆ కాలువల వలయాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జనం దాన్ని చూడ్డానికే వస్తారు. చిన్న పడవ, నెమ్మదిగా వెళ్లేదైతే నడపడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. అందుకే మీ చేతికి స్టీరింగు ఇచ్చి పంపేశారు. మన బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అలాంటివి కావు. అవి ముఖ్యంగా సాగు కోసం తవ్వినవి. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట కట్టి డెల్టాకు నీళ్లు మళ్లించారు. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇవాళ్టికీ ఆ నీళ్ల మీద 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఆధారపడి ఉంది. కాలువ ఎప్పుడు వదలాలి, ఎప్పుడు కట్టేయాలి అన్నది పంట చూసి నిర్ణయిస్తారు. టూరిస్టు ఆ లెక్కలోనే లేడు. జూన్, జులై ప్రాంతంలో ఖరీఫ్‌కు వదులుతారు. 2015 నుంచి పట్టిసీమ ద్వారా గోదావరి నీళ్లు కూడా వస్తున్నాయి కాబట్టి ఆ మేరకు నయం. ఎండాకాలం వచ్చిందంటే కట్టేస్తారు. పూడిక తీసేదీ, లాకులు, గట్లు బాగుచేసేదీ అప్పుడే. అంటే పిల్లలకు సెలవులిచ్చి ఊళ్ల నుంచి చుట్టాలు దిగే నెలల్లో మీ పడవలు బురదలో కూర్చుంటాయి.

కాలువ కట్టేసినప్పుడు ఒకసారి వంతెన మీద నుంచి నేను తొంగిచూశాను. అడుగున నల్లటి బురద, అందులో సగం దిగబడ్డ వినాయకుడి విగ్రహం గడ్డి చట్రం, చెప్పులు, థర్మోకోల్ పళ్లేలు. పక్కనే ఒకాయన ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని వంతెన దాటేశాడు. నీళ్లున్నప్పుడు ఇదంతా కనబడదు, అప్పుడు గుర్రపుడెక్క వస్తుంది. దాని వేర్లు పంకాకు చుట్టుకుంటే మోటారు ఆపి, చెయ్యి పెట్టి లాగాల్సిందే.

కరెంటు పడవకు ఇంకో చిక్కు ఉంది, ఇది పడవలమ్మేవాళ్లు చెప్పరు. 'ఒకసారి చార్జింగ్ పెడితే ఎనిమిది గంటలు నడుస్తుంది' అన్న మాట నిలవ నీళ్లకు వర్తిస్తుంది. మన కాలువలు పారేవి. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నీరు వస్తోందనుకోండి. ఎదురెక్కుతూ గట్టు పక్కన 5 కిలోమీటర్ల వేగం కనబడాలంటే పడవ నీళ్లలో 8 కిలోమీటర్ల వేగంతో తోసుకెళ్లాలి. పడవకు కావలసిన శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే నిలవ నీళ్లలో 5తో వెళ్లేదానికి దాదాపు నాలుగు రెట్లు. తిరుగు ప్రయాణంలో కొంత కలిసొచ్చినా ఈ దెబ్బ పూడదు. పారే కాలువలో, ఆరుగురిని ఎక్కించి, ఎదురు నడిపి చూపించమనండి. చూపించకపోతే కొటేషన్ తిరిగి ఇచ్చేయండి.

సరే, మీ పక్షానే ఉండి లెక్క వేస్తాను. వానలు, వరద, కాలువ కట్టేసిన రోజులు తీసేసి 200 రోజులు పడవ తిరిగిందనుకుందాం. అందులో శని, ఆదివారాలు, దసరా, కార్తీకం, సంక్రాంతి కలిపి 60 మంచి రోజులు. ఆ రోజుల్లో ఒక్కో పడవ ఐదు ట్రిప్పులు, ట్రిప్పుకు ఐదుగురు: నాలుగు పడవలకూ రోజుకు 15 వేలు, మొత్తం 9 లక్షలు. మిగతా 140 రోజులు మామూలు రోజులు. రెండు ట్రిప్పులు, ముగ్గురేసి: రోజుకు 3,600, మొత్తం 5 లక్షల 4 వేలు. రెండూ కలిపి 14 లక్షల 4 వేలు. మీ 78 ఎక్కడ, ఈ 14 ఎక్కడ!

ఖర్చులు చూడండి. నడిపేవాళ్లు నలుగురు, నెలకు 14 వేల చొప్పున 6.72 లక్షలు. కాలువ కట్టేసిన నెలల్లో జీతం ఇవ్వకపోతే వాళ్లు వెళ్లిపోతారు, తిరిగి రారు, కాబట్టి పన్నెండు నెలలూ లెక్కే. టికెట్ల దగ్గర ఒకరు, రాత్రి కాపలాకు ఒకరు, 12 వేల చొప్పున 2.88 లక్షలు. ఇన్సూరెన్సు, తనిఖీ, రిపేర్లకు లక్షన్నర. రేవు, లైసెన్సు ఫీజులకు ఇంకో లక్షన్నర వేశాను, ఇది నా అంచనా మాత్రమే. కరెంటు బిల్లు 52 వేలు దాటదు, కరెంటు పడవలో నిజంగా చవకైంది అదొక్కటే. బ్యాటరీ మార్చడానికి దాచాల్సింది మాత్రం ఉంది: ఒక్కోటి 2 లక్షలు, ఆరేళ్లకోసారి అనుకుంటే నాలుగింటికి ఏడాదికి 1.33 లక్షలు. అంతా కూడితే 14 లక్షల 45 వేలు. అంటే 41 వేలు చేతి నుంచి పడుతుంది. మీ జీతం ఇందులో లేదు, పడవలకు పెట్టిన 26 లక్షల మీద పోగొట్టుకున్న వడ్డీ లేదు. తోడల్లుడి గారి మూడో వంతు సంగతంటారా, నష్టంలో వాటా తీసుకుంటారేమో అడిగి చూడండి.

జీఎస్టీ గురించి టెన్షన్ పడనక్కర్లేదు. సేవల టర్నోవర్ 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. ఈ లెక్కన మీరు ఆ గీత దాకా వెళ్లరు.

ఇక భద్రత. 2017 నవంబరు 12న మీ ఊరి పక్కనే, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర అంతకన్నా పెద్ద ఘోరం. ఆ తర్వాత పడవ ఫైలు అంటేనే అధికారులు ఒకటికి పదిసార్లు చూస్తారు, చూడాలి కూడా. 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. మోటారుతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, అర్హత ఉన్న సిబ్బంది, ఇన్సూరెన్సు అంటూ అది చాలా అడుగుతుంది. మోటారు డీజిల్‌దా కరెంటుదా అన్న తేడాతో తప్పించుకోవచ్చనుకోకండి. ప్రయాణికుల బాధ్యత మోసే పాలసీ ఏ కంపెనీ ఇస్తుందో, ఎంతకిస్తుందో పడవ కొనకముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఎవరూ ఇవ్వకపోతే వ్యాపారం అక్కడే ఆపేయండి. అన్నట్టు, సొంత పేరు మీదో మామూలు భాగస్వామ్యం మీదో నడిపితే ప్రమాదం జరిగిన రోజు మీ ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. ఎప్పుడు మొదలుపెట్టినా ఎల్ఎల్‌పీ, అంటే బాధ్యత పెట్టిన పెట్టుబడికే పరిమితమయ్యే భాగస్వామ్య సంస్థ, పెట్టి మొదలుపెట్టండి.

వరద సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఊరే. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇనుప బోట్లు కట్లు తెంచుకుని కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. అంత బరువువే ఆగలేదు. అలాంటి రాత్రి మీ ఫైబర్ పడవల్ని ఎక్కడికి లాగి కడతారు? ఆ చోటుకు అద్దె కూడా ఖర్చే.

కేరళలో నడుస్తున్నాయి కదా అంటారేమో. వైక్కం దగ్గర 2017 నుంచి 75 మంది ఎక్కే సోలార్ పడవ 'ఆదిత్య' తిరుగుతోంది. కొచ్చి వాటర్ మెట్రో 2023 ఏప్రిల్‌లో మొదలైంది. రెండూ ప్రభుత్వానివి. ఏడాదంతా నీళ్లుండే కాయళ్లలో (బ్యాక్‌వాటర్స్‌లో), రోజూ ఆఫీసులకూ బడులకూ వెళ్లే జనాన్ని నమ్ముకుని నడుస్తున్నాయి. మీరు ఆదివారం సాయంత్రాన్ని నమ్ముకుంటున్నారు. సబ్సిడీ వస్తుందని ఎవరైనా చెప్పినా నమ్మకండి. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ స్కీము పెట్టింది కరెంటు బండ్లు, ఆటోలు, బస్సులు, లారీలు, అంబులెన్సుల కోసం, పడవల కోసం కాదు.

నా దగ్గరికొచ్చే ఒకాయన కొన్నేళ్ల కిందట ఒక చెరువులో తొక్కుడు పడవలకు కాంట్రాక్టు తీసుకున్నాడు. రెండేళ్లు బాగానే జరిగింది. మూడో ఏడు కాంట్రాక్టు పొడిగించలేదు. పడవలు ఆయనవే, నీళ్లు ఆయనవి కావు. కొనేవాడు దొరక్క హంస ఆకారపు పడవలు ఆరింటిని ఇంటి వెనక బోర్లించాడు, వాటి కింద కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

మీ సరదా చంపాలని నాకు లేదు. మనిషికి చేతిలో పని ఉండాలి, పైగా ధరలు పెరుగుతుంటే 29,500 ఎల్లకాలం చాలవు. ఈ దసరా నుంచి సంక్రాంతి దాకా పడవ కొనకుండా పడవ వ్యాపారం చేసి చూడండి. పున్నమి ఘాట్ దగ్గర అనుమతి, ఇన్సూరెన్సు ఉన్న పడవను గంటల లెక్కన మాట్లాడుకోండి. పుట్టినరోజులకు, అమ్మవారి దర్శనానికి వచ్చిన కుటుంబాలకు మీరే అమ్మండి. ప్రతి ఆదివారం ఎంతమంది అడిగారు, ఎంతమంది డబ్బు కట్టారు, ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ నాలుగు లక్షల్లో లక్ష కూడా అవ్వదు.

ఈలోపు తోడల్లుడి గారికి ఒక పని చెప్పండి. గత ఐదేళ్లలో ఏ కాలువ ఏ తేదీన వదిలారు, ఏ తేదీన కట్టేశారు అన్నది ఇరిగేషన్ ఆఫీసు నుంచి కాగితం మీద తెమ్మనండి. మధ్యలో పనుల కోసం కాలువ ఆపితే లైసెన్సు ఫీజు వెనక్కిస్తారా, లైసెన్సు ఎన్నేళ్లకు ఇస్తారు, అది కూడా రాయించమనండి. ఆ కాగితం తెస్తే వాటా గురించి మాట్లాడదాం. ఫలానా ఆయన తెలుసు అనే మాట తెస్తే కాఫీ ఇచ్చి పంపండి.

సోమవారం పొద్దున్నే బ్యాంకుకో పోస్టాఫీసుకో వెళ్లండి. పాన్, ఆధార్‌తో పాటు డబ్బు ఏ తేదీన చేతికొచ్చిందో చూపే కంపెనీ లెటర్ మర్చిపోకండి, అది లేకపోతే వెనక్కి పంపిస్తారు. పడవల సంగతి ఏప్రిల్‌లో కాలువ కట్టేశాక చూద్దాం, ఆ నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని మళ్లీ రాయండి.