వాన లెక్క సరిపోయినా బీడులో గడ్డి ఎందుకు పెరగలేదు?

నిరుడు మీ మండలంలో ఏడాది వాన సగటుకు దగ్గరగానే పడినా బీడులో గడ్డి రాలేదని, తుమ్మచెట్లు మాత్రం పచ్చగా నిలిచాయని, కారణం ఏమిటని అడిగారు. ఈ ప్రశ్న నన్నూ చాలాకాలం వేధించింది. అనంతపురానికి దగ్గరలో మాకు కొంత ఎర్రనేల బీడు ఉంది. నాన్న గొర్రెలు మేపిన నేల అది. కొన్నేళ్లుగా అక్కడ వర్షమాపకం పెట్టి, పడిన ప్రతి వాననూ పుస్తకంలో రాసుకుంటున్నాను. వాన వెలిసిన మర్నాడు గడ్డపారతో గుంత తీసి, పదును, అంటే నేలలోని తడి, ఎంత లోతుకు దిగిందో చూస్తాను. నాకు అర్థమైనంతలో, చూడవలసింది ఏడాది మొత్తాన్ని కాదు, వానకూ వానకూ మధ్య ఎడాన్ని.

ఎండిన నేల మీద 5 మి.మీ. పడితే వేలెడు లోతు కూడా తడవదు. రెండు రోజుల ఎండకూ గాలికీ అది ఆవిరైపోతుంది. అలాంటి జల్లులు పది పడితే లెక్కలో 50 మి.మీ. కనిపిస్తుంది, వేళ్లకు అందేది మాత్రం స్వల్పం.

గడ్డి వేళ్లలో ఎక్కువ భాగం పై మూరెడు మట్టిలోనే ఉంటాయి. పదును తగిలిన కొద్ది రోజులకే చిగురు వేస్తుంది. మన బీడు గడ్డి చాలావరకు జొన్న, కొర్రల మాదిరి సీ4 రకం (సీ3, సీ4 అనేవి మొక్క కిరణజన్య సంయోగక్రియ జరిపే తీరును బట్టి పెట్టిన పేర్లు). వేరుశెనగ వంటి సీ3 మొక్కలతో పోలిస్తే అంతే మేతను తక్కువ నీటితో తయారుచేస్తుంది. అయినా పైమట్టిలోని నీటిని రేపటికని దాచుకునే వీలు దానికి లేదు. తను తాగకపోతే ఎండ తాగేస్తుంది. నేల ఆరగానే పత్రరంధ్రాలు మూసుకుని, ఆకు చుట్టుకుని, ఎండిపోతుంది. మళ్లీ చిగురించాలంటే దుబ్బు మొదలులో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చుపెట్టాలి. ఒకే కాలంలో అలా రెండుమూడు సార్లు జరిగితే దుబ్బు నీరసిస్తుంది. మఖ, పుబ్బలు వరుపయితే మహత్తరమైన కాటకం అని పెద్దలు అన్నది పైరు గురించే కావచ్చు, బీడుకూ అది అక్షరాలా వర్తిస్తుంది.

నా పుస్తకంలో మొత్తం దాదాపు సమానమైన రెండేళ్లు ఉన్నాయి. ఒక ఏడు పది, పన్నెండు రోజులకొకసారి మోస్తరు వాన పడింది. గడ్డి నడుమెత్తు పెరిగి కంకి వేసింది. ఇంకొక ఏడు ఆశ్లేష చివరి నుంచి పుబ్బ దాటేదాకా చుక్క లేదు. తరువాత ఉత్తర కార్తెలో ఒక్క రాత్రే 90 మి.మీ. కురిసింది. మర్నాడు రెండు గుంతలు తీశాను. గడ్డి దుబ్బుల నడుమ రెండడుగుల కిందా తడి ఉంది. గొర్రెలు తొక్కి బోడి అయిన చోట పైన పెచ్చు కట్టి, జానెడు కింద మట్టి పొడిగా ఉంది. అక్కడ పడిన వాన అంతా వంకలోకి పోయింది. దుబ్బుల నడుమ లోతుకు దిగిన నీరు గడ్డి వేళ్లను దాటి తుమ్మకు దక్కింది. గడ్డి చీలమండ ఎత్తులోనే ఆగిపోయింది. ఆ రెండు గుంతలూ చూసిన రోజు నాకు చాలా బాధ కలిగింది.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ వనంలో చేసిన ప్రయోగం 2013లో వెలువడింది. మొత్తం వాన మార్చకుండా, తక్కువసార్లు, ఎక్కువ మోతాదులో నీరు అందించారు. పొదలూ చెట్లూ పుంజుకున్నాయి, గడ్డి తగ్గింది. అంతకుముందు 2005లో పర్యావరణ శాస్త్రవేత్త మహేశ్ శంకరన్ తదితరులు ఆఫ్రికా సవన్నాలను (చెట్లు చెదురుగా ఉండే గడ్డి మైదానాలను) పరిశీలించి, ఏటా సుమారు 650 మి.మీ. లోపు వాన ఉన్నచోట చెట్లు ఎంత విస్తరించగలవన్నది వానే నిర్ణయిస్తుందని చూపారు. అనంతపురం సగటు 550 మి.మీ. దరిదాపు. ఆఫ్రికా సంఖ్యను యథాతథంగా ఇక్కడికి తేలేము గానీ, వాన కొద్దిసార్లే కుండపోతగా కురిస్తే చెట్ల మీద ఆ పట్టు సడలుతుందని నేను నమ్ముతున్నాను. బీడుల్లో సర్కారు తుమ్మ కమ్ముకోవడంలో దీనికీ పాత్ర ఉందని నా అనుమానం.

మీది నల్లరేగడి అయితే కథ కొంత మారుతుంది. అది చిన్న వానను పైపొరలోనే పట్టి ఉంచుతుంది, అక్కడి నుంచే ఆవిరవుతుంది. గరుసు ఎర్రనేలలో అదే వాన కాస్త లోతుకు దిగి ఎండకు తప్పించుకుంటుంది.

తొలకరి చిగురు మీదికి మందను తోలకండి. దుబ్బు జానెడు లేచేదాకా ఆగండి, కాలమంతా నాలుగు వేళ్ల మోడు మిగలనివ్వండి. ఈ ఏడు మృగశిర నుంచి వాన తేదీలు, పదును లోతు రాసుకుని, నేల రంగుతో సహా ఇక్కడ పెడితే నా పుస్తకంతో పోల్చి చెబుతాను.