బూస్ట్ పెంచాక టర్బో కారుకు పెద్ద ఇంజెక్టర్లు (ఇంధనం చిమ్మేవి) సరిపోతాయా, ఇంధన పంపు కూడా మార్చాలా?

బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి అదనపు పీడనం) పెంచి ట్యూన్ చేశాక పై ఆర్‌పీఎమ్‌లలో గాలికి తగినంత ఇంధనం అందక మిశ్రమం పల్చబడుతోందంటే, ముందు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం మానండి. ఆ స్థితిలో నాకింగ్ (మిశ్రమం అదుపు లేకుండా తనంతట తానే పేలడం) మొదలైతే పిస్టన్ అంచు కరిగిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

కొనడానికి ముందు లెక్క వేసుకోండి. టర్బో పెట్రోల్ ఇంజన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 250 గ్రాముల ఇంధనం తాగుతుంది. 300 హార్స్‌పవర్‌కు 75 కిలోలు. నాలుగు ఇంజెక్టర్లకు పంచి, ఏదీ 85 శాతం సమయానికి మించి తెరిచి ఉండకూడదనుకుంటే, ఒక్కొక్కటి నిమిషానికి సుమారు 500 సీసీలు ఇవ్వాలి.

అసలు చిక్కు పంపు దగ్గరే. ఆ 75 కిలోలంటే గంటకు సుమారు 100 లీటర్లు; అంత ఏ పంపైనా ఇస్తుందనిపిస్తుంది. కానీ ఇంధనం మూల పీడనం 3 బార్లు, బూస్ట్ 1.5 బార్లు అయితే, బూస్ట్‌ను బట్టి ఇంధన పీడనాన్ని పెంచే రెగ్యులేటర్ ఉన్న కారులో పంపు 4.5 బార్లకు ఎదురొడ్డాలి. పీడనం పెరిగేకొద్దీ దాని ప్రవాహం పడిపోతుంది, అదీ ఇంధనం ఎక్కువగా కావలసిన క్షణంలోనే. అందుకే పెట్టె మీది అంకె కాదు, ఆ పీడనం వద్ద ప్రవాహం చూడండి.

పాత కార్లలో పంపుకు కరెంటు మోసే వైరు కూడా దొంగే, వోల్టేజీని మింగేస్తుంది. ఇంజన్ నడుస్తుండగా పంపు టెర్మినళ్ల వద్ద మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులుండి అక్కడ 12 మాత్రమే కనిపిస్తే, రిలేతో మందపాటి వైరు వేయించండి. కొత్త ఇంజెక్టర్లు వేస్తే ఈసీయూలో (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్‌లో) వాటి ప్రవాహం, తెరుచుకునే ఆలస్యం తప్పక మార్పించాలి.

ఇదంతా పోర్ట్ ఇంజెక్షన్‌కు, అంటే సిలిండర్ బయట, గాలి వచ్చే దారిలో ఇంధనం చిమ్మే పద్ధతికి. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్‌లో అధిక పీడన పంపునూ విడిగా చూడాలి.